మైక్రోబ్లేడింగ్ తర్వాత కనుబొమ్మ పాడైంది... ‘జాగ్రత్త తీసుకోనిది మీరే’ అంటున్నారు. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. పెళ్ళికి నెల ముందు తిరుపతిలో ఒక బ్యూటీ క్లినిక్‌లో కనుబొమ్మలకు మైక్రోబ్లేడింగ్ చేయించుకున్నాను. 12 వేలు తీసుకున్నారు. 9 వేలు ఫోన్‌లో పంపాను, 3 వేలు చేతికిచ్చాను. బిల్లు ఇవ్వలేదు. ట్యాబ్‌లో ఇంగ్లీషు ఫారం చూపించి వేలితో సంతకం పెట్టించుకున్నారు, కాపీ ఇవ్వలేదు. వచ్చేటప్పుడు పేరు కూడా లేని చిన్న క్రీమ్ డబ్బీ ఇచ్చి ‘నీళ్ళు తగలనీయకండి, ఇది రాయండి’ అన్నారు, అంతే. మొక్కు ఉండడంతో ఐదో రోజు అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్ళాను. ముందు రోజు వాట్సాప్‌లో ‘నడిచి వెళ్తున్నా, ఫర్వాలేదా?’ అని అడిగితే ‘ప్రాబ్లమ్ ఏం లేదు మేడమ్’ అన్నారు. ఏడో రోజుకు కుడి కనుబొమ్మ వాచి చీము పట్టింది. మూడు వారాలు చర్మ డాక్టరు దగ్గర మందులు వాడాను. ఇప్పుడు మచ్చ మిగిలింది, అక్కడ వెంట్రుకలు రావడం లేదు. అడిగితే ‘చెమట పట్టించుకున్నది మీరు, సంతకం పెట్టింది మీరు’ అంటున్నారు. కావాలంటే ఫ్రీగా టచప్ చేస్తారట. ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. కేసు వేయవచ్చా? 10 లక్షలు అడగవచ్చా? ప్రతి వాయిదాకూ తిరుపతి తిరగాలా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ ఫ్రీ టచప్‌కు వెళ్ళకండి. మచ్చ పడిన చర్మం మీద మళ్ళీ సూది పెట్టవచ్చో లేదో చెప్పాల్సింది మీ చర్మ డాక్టరు, పాడు చేసినవాళ్ళు కాదు. పైగా టచప్ పేరుతో ‘ఇక మాకు ఏ ఫిర్యాదూ లేదు’ అనే కాగితం మీద మరో సంతకం తీసుకుంటే మీ కేసు అక్కడే నీరుగారిపోతుంది.

వినియోగదారుల కమిషన్‌లో మీ కేసు నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుందో తెలిస్తే మీకూ ధైర్యంగా ఉంటుంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మైక్రోబ్లేడింగ్‌ను చాలామంది థ్రెడింగ్‌కు అన్నలాంటిది అనుకుంటారు. కాదు. వరసగా సన్నని సూదులున్న చేతి పరికరంతో చర్మం పైపొరను గీసి లోపలికి రంగు ఎక్కిస్తారు. అంటే ముఖం మీద, కంటికి అంగుళం దూరంలో, పదుల కొద్దీ సన్నని గాట్లు. కుర్చీలోంచి లేచాక మీరు ఇంటికి తెచ్చుకున్నది కొత్త కనుబొమ్మలు మాత్రమే కాదు, మానాల్సిన గాయం కూడా. అది ఎలా మానుతుందో, ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడం కూడా ఆ 12 వేల సేవలోనే ఉంది. మీ కేసుకు ఇదే గుండెకాయ.

వాళ్ళు చెప్పాల్సినవి ఏమిటో చూడండి. మొదటి రోజు ఊరే నీటిని శుభ్రమైన దూదితో అద్ది తీయాలి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోకూడదు. చెప్పిన ఆయింట్‌మెంట్‌ను పలుచగానే రాయాలి, మందంగా పూయకూడదు. వారం, పది రోజులు ఆ చోట తడి, చెమట, ఆవిరి, ఎండ, మేకప్ తగలకూడదు. నాలుగైదు రోజులకు దురద వచ్చి పొట్టు లేస్తుంది, గోటితో లాగకూడదు, లాగితే రంగూ పోతుంది, మచ్చా పడుతుంది. మొదట్లో రంగు మరీ నల్లగా కనిపిస్తుంది, పొట్టు రాలాక వెలిసిపోయినట్టుంటుంది, నెల గడిచేసరికి కుదురుకుంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడనక్కర్లేదు. కానీ రెండు మూడు రోజుల తర్వాత ఎరుపు తగ్గకుండా పెరిగినా, వేడిగా ఉన్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పెళ్ళికూతురని తెలిసినప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి. నలుగు పెట్టేటప్పుడు, తలంటు పోసేటప్పుడు, ముఖానికి పసుపు రాసేటప్పుడు కనుబొమ్మలు వదిలేయమని. మన ఇళ్ళలో పెళ్ళి అంటే ఇవన్నీ ఉంటాయని తిరుపతిలో పని చేసేవాళ్ళకు తెలియదా? షుగర్ ఉందా, గాయమైతే చర్మం గడ్డకట్టే తత్వం ఉందా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా అని సూది పట్టుకోకముందే అడగాలి.

ఇన్ని ఉంటే మీకు దక్కింది ‘నీళ్ళు తగలనీయకండి’ అన్న ఒక్క ముక్క.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(11) ‘సేవలో లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. పని నాసిరకంగా చేయడమే కాదు, నిర్లక్ష్యం వల్ల వినియోగదారుకు నష్టం కలిగించడం, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా లోపమే. డబ్బు తీసుకుని బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టంలోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. అంటే బిల్లు లేదన్నది మీ కేసుకు బలహీనత కాదు, వాళ్ళ మీద ఇంకో ఆరోపణ. మీరు డబ్బు ఇచ్చారనడానికి 9 వేలు వెళ్ళిన బ్యాంకు స్టేట్‌మెంటు చాలు.

ఇక చెమట సంగతి. దీన్ని దాచకండి, ఫిర్యాదులో మీరే రాయండి. అలిపిరి దారంటే 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం ఎక్కేటప్పుడు చెమట పట్టని మనిషి ఉండరు. ఐదో రోజున అది గాయానికి మంచిది కాదన్నది నిజం. ఎవరినీ అడగకుండా మీరు వెళ్ళి ఉంటే, నష్టంలో మీ వాటా కొంత ఉందని కమిషన్ పరిహారం తగ్గించే వీలుండేది. కానీ మీరు అడిగారు. గాయం చేసినవాళ్ళనే అడిగారు. ‘ప్రాబ్లమ్ ఏం లేదు మేడమ్’ అన్నది వాళ్ళ జవాబు. నా చేతికి ఈ ఫైలు వస్తే మొదటి పేజీలో ఆ మెసేజే పెడతాను. ‘జాగ్రత్త తీసుకోలేదు’ అనాలంటే, ఏ జాగ్రత్త చెప్పారో ముందు వాళ్ళు చూపించాలి.

సంతకం గురించి భయపడకండి. కాస్త వాపు, మంట రావచ్చు, రంగు అందరికీ ఒకేలా పట్టకపోవచ్చు అనే మామూలు రిస్కుకు ఆ ఫారంతో మీరు ఒప్పుకున్నారు. శుభ్రత లేని పనికి, తప్పుడు సలహాకు కాదు. అందులో ఏం రాసుకున్నా నిర్లక్ష్యానికి అది కవచం కాదు. చదవడానికి టైమివ్వని, కాపీ ఇవ్వని ఫారం కాబట్టి, కేసుకు ముందు వాళ్ళకు పంపే నోటీసులోనే దాని కాపీ అడగండి. వాడిన రంగు పేరు, బ్యాచ్ నంబరు, బ్లేడు కొత్తదేనా, క్రీములో ఏముంది, పని చేసినవాళ్ళు ఎక్కడ శిక్షణ తీసుకున్నారు... ఇవన్నీ అడగండి. జవాబిస్తే మనకు పనికొస్తుంది, ఇవ్వకపోయినా పనికొస్తుంది.

అసలు కష్టమైన భాగం వేరే ఉంది. చీము పట్టింది ఆ పని వల్లనే అని నిరూపించాలి. దానికి డాక్టరు రాత కావాలి. మీ చీటీల మీద ‘ఇన్ఫెక్షన్’ అని మాత్రమే ఉంటే, మళ్ళీ వెళ్ళి కేస్ షీటు కాపీ అడగండి. మైక్రోబ్లేడింగ్ తర్వాత ఏడో రోజు వచ్చిన ఇన్ఫెక్షన్ అని, మచ్చ ఎంత ఉందో, వెంట్రుకలు తిరిగి వచ్చే అవకాశం ఎంతో రాసిన సర్టిఫికెట్ తీసుకోండి. ప్రైవేటు డాక్టరు వెనకాడితే తిరుపతి రుయా ఆసుపత్రిలో గానీ, చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ చూపించండి. క్రీమ్ డబ్బీ ఉంటే పారేయకండి. మూత గట్టిగా పెట్టి కవరులో వేసి తేదీ రాయండి, అవసరమైతే కమిషన్ పరీక్షకు పంపుతుంది. పెళ్ళిచూపుల నాటి ఫోటోలు, చేయించుకున్న రోజు ఫోటో, చీము పట్టినప్పటిది, ఇప్పటిది పక్కపక్కన పెట్టండి. ఒకరోజు నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి పెళ్ళి ఆల్బమ్ తెరిచి, ప్రతి ఫోటోలో ముఖం ఒకే పక్కకు తిప్పి ఉండడం చూపించింది. పరిహారం అడగడానికి అంతకంటే వేరే వర్ణన అక్కర్లేదనిపించింది. మీ ఆల్బమ్ కూడా చూడండి.

10 లక్షలు అడగవచ్చా అన్నారు. అడగకూడదని చట్టంలో లేదు, కానీ అడిగిన ప్రతి రూపాయికీ లెక్క చూపాలి. 2018లో ఢిల్లీలో ఒక హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించారన్న కేసులో జాతీయ కమిషన్ 2021లో 2 కోట్ల పరిహారం ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని పక్కనపెట్టి, పరిహారం అడిగినంత కాదు, సాక్ష్యం ఉన్నంతే అని తిప్పి పంపింది. కాబట్టి కట్టిన 12 వేలు, మందుల ఖర్చు, ఉద్యోగం ఉంటే పోయిన జీతం, ముందు ముందు మచ్చకు చేయించాల్సిన చికిత్సకు డాక్టరు రాసిచ్చిన అంచనా, దాని మీద మానసిక వేదనకు న్యాయమైన మొత్తం, కేసు ఖర్చులు అని విడివిడిగా రాయండి. నా అభిప్రాయంలో నమ్మదగిన చిన్న లెక్క, గాలిలో చెప్పిన పెద్ద అంకె కంటే ఎక్కువ తెచ్చిపెడుతుంది.

తిరుపతి తిరగక్కర్లేదు. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు, మీకు చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఆన్‌లైన్‌లో వినియోగదారుల కేసుల ప్రభుత్వ పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. గడువు, కారణం పుట్టిన రోజు నుంచి 2 సంవత్సరాలు. మీకు టైముంది కానీ సాక్ష్యం అంతకాలం ఆగదు. అవతలివాళ్ళు కమిషన్ నోటీసు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ మహా అయితే ఇంకో 15 రోజులు ఇస్తుంది. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కావాలంటే మహిళగా మీకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ 15100. కేసుకు ముందే రాజీకి ప్రయత్నించాలనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు, ఇంట్లోవాళ్ళు అడుగుతారు. నిర్లక్ష్యంతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద నేరం. ముఖం శాశ్వతంగా వికారమైతే సెక్షన్ 116 దాన్ని తీవ్ర గాయంగా లెక్కిస్తుంది. కానీ డాక్టరు సర్టిఫికెట్ లేకుండా స్టేషన్ మెట్లెక్కవద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో కోపంతో పోస్టులూ పెట్టవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తే తప్పు లేదు, ‘దొంగలు’ అని రాస్తే పరువు నష్టం కేసు ఎదురు వస్తుంది.

ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. ఆ నంబరుతో వాట్సాప్ చాట్‌లో మెసేజ్‌లు వాటంతట అవే చెరిగిపోయే సెట్టింగ్ ఉందేమో చూసి తీసేయండి. నంబరు, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, మొత్తం చాట్‌ను మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరిస్తూ ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో కలిపి దాఖలు చేద్దాం. తీర్పు వచ్చేదాకా ఆ ఫోన్ మార్చకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి.