ఆటల మాస్టారు: ఆరడుగులు లేని క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోవచ్చా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో షార్లెట్‌లో ఉంటారు. వాళ్ల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చాక నాకూ ఆ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. బీచ్ రోడ్డులో పొద్దున్న నడకకి వచ్చే మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరి పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గర పడిందంటే మాకు ఇదే వాదన. ఆరడుగులు లేని క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి అందుకుని విసిరేవాణ్ని, మొదటి రౌండులో తీసుకోవడం దండగ, బ్రైస్ యంగ్‌ని చూశాకైనా బుద్ధి రావాలి అంటాడు మా అల్లుడు. మా ఫ్రెండేమో డ్రూ బ్రీస్ లేడా అని కొట్టిపారేస్తాడు. ఎవరి మాట రైటు?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: మీ అల్లుడుగారు ఆ ఊళ్లోనే ఉన్నారు కాబట్టి ఆయన బాధ నాకు అర్థమైంది. 2023 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు యంగ్‌ని తీసుకున్న మీ షార్లెట్ జట్టు కరోలినా పాంథర్స్ ఆ ఏడాది 2 మ్యాచ్‌లు గెలిచి 15 ఓడిపోయింది. అయినా ఆ తప్పంతా కుర్రాడి ఎత్తు మీదకి తోసేస్తే నేను ఒప్పుకోను. వాలీబాల్ కోచ్‌గా బతికినవాణ్ని, టేపు పట్టుకుని పిల్లల తలరాత రాసేవాళ్లని చాలామందిని చూశాను.

అలబామా యూనివర్సిటీ లిస్టులో యంగ్ ఎత్తు ఆరడుగులు. 2023 కంబైన్‌లో, అంటే డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని కొలిచి పరీక్షించే చోట కొలిస్తే 5 అడుగుల 10 అంగుళాలు, ఆ పైన అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ ఎత్తున్న కుర్రాడు మన ద్వారకానగర్‌లో నడిచి వెళ్తే పొడుగ్గా ఉన్నాడనే అంటాం. కానీ అతన్ని కాపాడుతూ ముందు నిలబడే సొంత జట్టు లైన్‌మెన్ 6 అడుగుల 4, 5 అంగుళాల మనుషులు, ఒక్కొక్కరూ 140 కిలోల దాకా ఉంటారు. ఎదుటివాళ్లూ కొండల్లాంటివాళ్లే, పైగా బంతిని ఆపడానికి చేతులు పైకెత్తుతారు. అయితే 6 అడుగుల 3 అంగుళాలున్నవాడు మాత్రం వాళ్ల తలల మీదుగా చూడగలడా? చూడలేడు. ఎవరైనా సందుల్లోంచి చూడాల్సిందే. చందనోత్సవం రోజు సింహాచలం క్యూలో ముందువాళ్ల భుజాల మధ్యనుంచి అప్పన్న స్వామి కనబడతాడు చూడండి, ఇదీ అలాంటిదే.

ఆ సందు నిలవాలంటే మధ్యలో ఉండే ముగ్గురు, అంటే సెంటరు, అతనికి రెండు పక్కలా ఉన్న గార్డులు వెనక్కి జరక్కూడదు. అంచుల్లోంచి వచ్చేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ ఒక్క అడుగు ముందుకేసి తప్పించుకోవచ్చు. మధ్యలోంచి దూసుకొచ్చినవాడు నేరుగా మొహం మీదకే వస్తాడు. పొట్టివాడికి అప్పుడు చూడ్డానికీ ఏమీ ఉండదు, విసరడానికీ ఉండదు.

మీ ఫ్రెండుకి కూడా ఒక మాట. బ్రీస్ ఆరడుగులవాడే, కాబట్టి ఆ ఉదాహరణ మీ అల్లుడుగారి దగ్గర నిలవదు. కానీ న్యూ ఆర్లీన్స్‌లో కోచ్ షాన్ పేటన్ అతని కోసం చేసిన ఏర్పాటు చూడండి. జారీ ఎవాన్స్, కార్ల్ నిక్స్ అని ఇద్దరు గట్టి గార్డుల్ని మధ్యలో నిలబెట్టాడు. 2010 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ ఫైనల్ వాళ్లదే, అందులో ఉత్తమ ఆటగాడి (ఎంవీపీ) అవార్డు బ్రీస్‌దే. నిజంగా పొట్టివాడి పేరే కావాలంటే రసెల్ విల్సన్‌ని చెప్పమనండి. 5 అడుగుల 11 అంగుళాలు కూడా లేడు, 2012 డ్రాఫ్ట్‌లో 75వ పిక్, అంటే 74 మంది తర్వాత ఎంచుకున్నారు. రెండో సీజన్‌కే సియాటెల్ 43–8తో డెన్వర్‌ని ఓడించి సూపర్‌బౌల్ ఎత్తుకుపోయింది. అక్కడ మార్షాన్ లించ్ బంతి పట్టుకుని తీసే పరుగులతో ఎదుటి డిఫెన్స్‌ని ముందుకి లాగేవాడు, విల్సన్‌ని పక్కకి పరిగెత్తించి ఖాళీలో నుంచి విసిరించేవారు.

మరి షార్లెట్‌లో ఏం చేశారు? యంగ్‌ని తీసుకున్న ఆ మొదటి పిక్ (ఎంచుకునే వంతు) కోసం షికాగో జట్టుకి 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండు, 2025 రెండో రౌండు ఇచ్చి, వాటి మీద డీజే మూర్‌ని కూడా ఇచ్చేశారు. కొత్త కుర్రాడు బంతి విసిరితే పట్టేవాడినే పంపించేశారన్నమాట! సీజన్ మొదలయ్యాక గార్డులు బ్రేడీ క్రిస్టెన్సెన్, ఆస్టిన్ కార్బెట్ గాయాలతో దూరమయ్యారు. యంగ్‌ని ఆ ఏడాది 62 సార్లు పడగొట్టారు. 11 మ్యాచ్‌లు అయ్యేసరికి హెడ్ కోచ్‌ని కూడా తీసేశారు. 2024 మార్చిలో, అంటే కుర్రాడు ఏడాదంతా దెబ్బలు తిన్న తర్వాత, రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ అనే ఇద్దరు గార్డుల్ని కోట్ల డాలర్లు పోసి తెచ్చుకున్నారు. హంట్ ఒక్కడికే అయిదేళ్లకి 10 కోట్ల డాలర్లు. రెండో సీజన్లో రెండు మ్యాచ్‌లకే యంగ్‌ని బెంచీ మీద కూర్చోబెట్టినా, మళ్లీ దించాక చివరి నెలల్లో అతను ఆడిన తీరు మీ అల్లుడుగారికి గుర్తుండే ఉంటుంది. ఆ గార్డులు ముందే వచ్చి ఉంటే అన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

బరువు విషయంలో మాత్రం ఆయన భయపడటం న్యాయమే. యంగ్ కాలేజీ లిస్టులో 88 కిలోలు, కంబైన్‌లో 92. ఎదురుగా వచ్చేవాడు 120 కిలోల పైమాటే. ఎత్తుకి ఉపాయాలున్నాయి, దెబ్బకి లేవు. నేనైతే పొట్టి కుర్రాణ్ని తీసుకుంటాను గానీ సన్నటి కుర్రాడి విషయంలో రెండుసార్లు ఆలోచిస్తాను. ఎత్తు ఒక్కటే చాలదనడానికి 2007 మొదటి పిక్ జమార్కస్ రసెల్ ఉన్నాడు. 6 అడుగుల 6 అంగుళాలు, మూడు సీజన్లతో కథ ముగిసింది.

డ్రాఫ్ట్ మొదలయ్యేది మనకి శుక్రవారం పొద్దున్న అయిదున్నరకి. మీరు నడక మొదలుపెట్టే టైమే! పొట్టి క్వార్టర్‌బ్యాక్‌ని ఏ జట్టు తీసుకుందో చూసి ఊరుకోకండి. ఆ జట్టుకి గార్డులెవరున్నారో, రెండో, మూడో రౌండ్లలో ఎవరిని తెచ్చుకుందో చూసి అప్పుడు వాదించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. వాలీబాల్‌లో సెట్టర్, అంటే కొట్టేవాళ్లకి బంతి లేపి ఇచ్చేవాడు. ఒక సెలక్షన్‌కి తీసుకెళ్తే ఎత్తు కొలిచి, బంతి ముట్టుకోనివ్వకుండానే పంపేశారు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మానిపించేయమంటారా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: మానిపించొద్దమ్మా. బంతి ఇవ్వకుండా పంపేయడం సెలక్షనే కాదు. పదిహేనేళ్లకి ఎదుగుదల ఇంకా మిగిలి ఉంటుంది. పొట్టి సెట్టర్ నెట్ దగ్గర ఉన్నప్పుడు ఎదుటివాళ్లు అతని మీదుగానే కొడతారు, ఆ ఇబ్బంది నిజమే, దాచను. అందుకే సెట్టింగ్‌తో పాటు రిసీవింగ్, నేల మీద డిఫెన్స్ కూడా గట్టిగా నేర్పించండి. 1998 నుంచి వెనక వరసలో ఉండి బంతిని కాపాడే లిబరో అనే స్థానం ఉంది. అతను బ్లాక్ చేయడు, నెట్ పైనుంచి కొట్టడు, కాబట్టి అక్కడ ఎత్తు అడ్డురాదు. ఈలోగా మీవాడు సెట్ చేస్తున్న వీడియో, చేతులు స్పష్టంగా కనబడేలా తీసి పత్రికకి పంపండి. చూసి వచ్చే సంచికలో రాస్తాను.