తొమ్మిది ప్రశ్నలతో ఊళ్లోకి వెళ్లేముందు

చి. సుధకు మామయ్య ఆశీస్సులు.

మండలంలో డిప్రెషన్ లక్షణాల సర్వేకి దిగుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది.

డిప్రెషన్ లక్షణాలు ఎన్నాళ్లున్నాయో తొమ్మిది ప్రశ్నల్లో అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 వేసి కూడే పీహెచ్‌క్యూ-9 ఫారం ఎంచుకున్నావు, మంచిదే. ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రం సంగతి నీకు చెప్పక్కర్లేదు. తలుపు తీసినవాళ్లనే అడగొద్దు. ఇంట్లో 18 నిండినవాళ్ల పేర్లన్నీ రాసి చీటీ తియ్యి. ఆ మనిషి పొలం వెళ్తే సాయంత్రం మళ్లీ వెళ్లాలి గానీ బదులుగా ఇంకొకరిని పట్టుకోకూడదు. ఇంటికి ఇద్దరిని పంపు. ఒకరు కోడలితో మాట్లాడుతుంటే ఇంకొకరు అత్తగారిని రేషన్ కార్డు, పొలం వివరాలు అడుగుతూ అరుగు మీద కూర్చోబెట్టాలి. అత్త వింటుంటే ఏ కోడలూ నిజం చెప్పదు.

మనవాళ్లు ‘ఉంది’, ‘లేదు’ అంటారంతే. అడిగేవాళ్లు విసుగొచ్చి 1 వేసేస్తారు. అందుకని పోయిన 14 రోజుల్లో ఎన్ని రోజులో అడిగించు. 0-1 అయితే సున్నా, 2-6 ఒకటి, 7-11 రెండు, 12-14 మూడు. నాట్ల రోజుల్లో మాత్రం వెళ్లకు, నీరసం ప్రశ్నకి ఊరంతా మూడే వస్తుంది.

ఇక అందరూ చేసే పాత తప్పు. మొత్తం స్కోరు 10, ఆపైన వచ్చినవాళ్లను లెక్కేసి ‘ఇంత శాతం మందికి డిప్రెషన్’ అని రాసేస్తారు. వేళ్ల మీద లెక్క చూడు. వెయ్యిమందిలో నిజంగా జబ్బున్నది 30 మంది అనుకో. 2001లో అమెరికా క్లినిక్‌లలో తేలినట్టు ఈ ప్రశ్నలు జబ్బున్నవాళ్లను 88 శాతం పట్టుకుని, లేనివాళ్లను 88 శాతం సరిగ్గా వదిలేస్తాయనుకుందాం. 30లో 26 మంది దొరుకుతారు. మిగతా 970లో 116 మంది ఊరికే పట్టుబడతారు. మొత్తం 142. మూడు శాతం కాస్తా పధ్నాలుగైపోయింది! అదే పేపర్లో హెడ్డింగవుతుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే డిప్రెషన్ 2.7 శాతం అన్నది మినీ అనే రోగనిర్ధారణ ఇంటర్వ్యూతో. దాని పక్కన నీ స్కోరు పెట్టి ‘అయిదింతలు పెరిగింది’ అన్నావో, నేనే వచ్చి చెవి మెలిపెడతాను. 10, ఆపైన వచ్చినవాళ్లందరికీ, తక్కువ వచ్చినవాళ్లలో పదిమందికొకరికి చీటీ తీసి, ఆ ఇంటర్వ్యూ చేయించు. తక్కువవాళ్లలో ఒక కేసు తేలితే పదిగా లెక్కెయ్యి. డబ్బు చాలకపోతే ‘స్కోరు 10, ఆపైన’ అని మాత్రమే రాయి, జబ్బు పేరెత్తకు.

నా భయమంతా తొమ్మిదో ప్రశ్న మీద, అమ్మడూ. చచ్చిపోవాలనిపిస్తోందా అన్నదానికి 1 వచ్చినా చాలు, మొత్తం స్కోరు మూడే అయినా సరే, ఫారం మూసి లేచి రాకూడదు. ఇప్పుడూ అలాగే ఉందా, ఏమైనా చేసుకోవాలనుకున్నారా అని నెమ్మదిగా అడగాలి. ప్రమాదమనిపిస్తే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే నమ్మకమైనవాళ్ల చేత బయటికి చేర్పించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి అక్కడి నుంచే ఫోన్ కలపాలి. ఏ డాక్టర్ దగ్గరికి, ఏ బండిలో తీసుకెళ్లాలో సర్వేకి ముందే మాట్లాడిపెట్టుకో. ప్రాణానికి ముప్పుంటే గుట్టు దాచలేమని సమ్మతి పత్రంలోనే చెప్పాలి.

రోజూ చీకటి పడకముందే ఆ తొమ్మిదో గడి నువ్వే చూసుకో. ఖాళీగా ఉన్న ఫారం దొరికితే సున్నా వెయ్యకు, ఆ ఇంటికి మళ్లీ పంపు.

మీ మామయ్య