ఆస్కార్ లెక్కలు, హాలీవుడ్ కబుర్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నిటికంటే ఎక్కువ నామినేషన్లు తెచ్చుకున్న సినిమా తీరా ఉత్తమ చిత్రం దగ్గరికొచ్చేసరికి చతికిలపడుతోంది. జ్యూరీ పక్షపాతం చూపిస్తోందా?

జవాబు: ఆస్కార్‌కి జ్యూరీ లేదు. ఆస్కార్లు ఇచ్చే సంస్థ అకాడమీలో ఓటు హక్కున్న సభ్యులు సుమారు 10 వేలమంది, నటుల దగ్గర్నుంచి సౌండ్ మిక్సర్ల దాకా, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆన్‌లైన్లో ఓటేస్తారు. పక్షపాతం ఉంటే ఉండొచ్చు గానీ, మీరడిగిన వింతకి అసలు కారణం లెక్కింపు పద్ధతి.

నటన, దర్శకత్వం, సంగీతం లాంటి విభాగాల్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లదే బహుమతి. అయిదుగురు పోటీలో ఉంటే 21 శాతంతో కూడా గెలవొచ్చు. ఉత్తమ చిత్రానికి మాత్రం 2009 నాటి సినిమాల నుంచీ ప్రాధాన్య ఓటు అమల్లో ఉంది. పోటీలో ఉన్న పది సినిమాలకీ సభ్యుడు 1 నుంచి 10 దాకా వరస ఇస్తాడు. సగానికి మించిన ఓట్లు ఒకే సినిమా దగ్గర పోగయ్యేదాకా లెక్క ఆగదు.

సులువుగా ఉండటానికి నాలుగే సినిమాలు, వంద ఓట్లు అనుకుందాం. మొదటి ప్రాధాన్యం లెక్కేస్తే ‘క’కి 34, ‘చ’కి 30, ‘ట’కి 20, ‘ప’కి 16. ఎవరికీ 51 రాలేదు, కాబట్టి అట్టడుగున ఉన్న ‘ప’ అవుట్. ఆ 16 ఓట్లలో రెండో ప్రాధాన్యం 11 ‘చ’కి, 4 ‘ట’కి, 1 ‘క’కి ఉన్నాయనుకోండి. ఇప్పుడు ‘చ’ 41, ‘క’ 35, ‘ట’ 24. తర్వాత ‘ట’ పోతుంది. దాని కట్టలోని 24లో 15 ‘చ’కి, 9 ‘క’కి జరిగితే ‘చ’ 56తో గెలిచినట్టు. మొదటి రౌండులో ముందున్న ‘క’ 44 దగ్గరే ఆగిపోయింది. సగంమంది నెత్తిన పెట్టుకుని, మిగతా సగం మొహం తిప్పుకునే సినిమాకి పట్టే గతి ఇది. అందరి జాబితాలోనూ రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉన్న సినిమా చాప కింద నీరులా వచ్చేస్తుంది.

ఎవరికెన్ని ఓట్లొచ్చాయో అకాడమీ ఎప్పుడూ బయటపెట్టదు. కానీ ఫలితాల ధోరణి చూడండి. 2022లో ‘ద పవర్ ఆఫ్ ద డాగ్’కి 12 నామినేషన్లు వస్తే ఒక్క దర్శకత్వం బహుమతితో సరిపెట్టుకుంది. మూడే నామినేషన్లున్న ‘కోడా’ ఉత్తమ చిత్రంతో సహా మూడూ పట్టుకుపోయింది. 2013 నుంచి 2022 దాకా జరిగిన పది వేడుకల్లో ఆరుసార్లు ఉత్తమ చిత్రం ఒకరికి, ఉత్తమ దర్శకుడు మరొకరికి వెళ్లాయి. రెండు బహుమతులకీ లెక్క వేరు మరి. ఆ తర్వాత 2023, 2024, 2025 మూడేళ్లూ రెండూ ఒకే సినిమాకి వచ్చాయి. గట్టి అభిమానమూ, అందరి ఆమోదమూ కలిసొచ్చిన సినిమాని ఏ పద్ధతీ ఆపలేదు.

అభిమానులు చేసే పొరపాటు ఒకటుంది. పోటీ సినిమాని పదో స్థానంలో పడేస్తే దానికి దెబ్బ తగులుతుందనుకుంటారు. మీ మొదటి సినిమా పోటీలో ఉన్నంతసేపూ మీ కింది వరసలు ఎవరూ చూడరు. అది ఎగిరిపోయాకే రెండో పేరు లెక్కలోకొస్తుంది. ఒక్క పేరే రాసి మిగతావి వదిలేస్తే, ఆ సినిమా పోయిన మరుక్షణం మీ ఓటూ పోయినట్టే.

ప్రశ్న: అద్భుతంగా నటించినవాళ్లకి నామినేషన్ కూడా రాదు. ‘స్నబ్ చేశారు’ అని రాస్తారు. నిజంగా కావాలని పక్కన పెడతారా?

జవాబు: పదివేలమంది కూడబలుక్కుని ఒకరిని పక్కన పెట్టడం అయ్యే పని కాదు. నామినేషన్లు ఏ శాఖవి ఆ శాఖే ఇస్తుంది. నటుల్ని నటులు, ఎడిటర్లని ఎడిటర్లు ఎంచుతారు. ఉత్తమ చిత్రం నామినేషన్లకి మాత్రం అందరూ ఓటేస్తారు. అయిదు స్థానాలుంటే, పోలైన ఓట్లని 6తో భాగించి 1 కలుపుతారు. 600 ఓట్లు పడితే 101 వచ్చినవాళ్లు లోపలికి. ఇక్కడా ఓటరు వరస పెట్టే పేర్లు రాస్తాడు, గెలిపించేది మాత్రం మొదటి ప్రాధాన్యం. నాలుగు వందలమంది నాలుగో స్థానంలో రాసినా, మొదటి స్థానంలో రాసేవాళ్లు పదిమంది కూడా లేకపోతే ఆ పేరు తొలి రౌండ్లలోనే ఎగిరిపోతుంది. ‘అందరికీ నచ్చింది, నామినేషన్ రాలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇదే.

2013లో ‘ఆర్గో’ ఉత్తమ చిత్రమైంది, దాని దర్శకుడు బెన్ అఫ్లెక్‌కి మాత్రం దర్శకత్వం విభాగంలో నామినేషన్ కూడా లేదు. దర్శకుల శాఖ చిన్నది, అభిరుచి వేరు. కుట్ర వెతకడం వృథా.

ప్రశ్న: కథంతా తన చుట్టూ తిరిగే నటుడికి సహాయ నటుడి నామినేషన్ ఎలా ఇస్తారు? నిడివి లెక్క లేదా?

జవాబు: లేదు. తెర మీద ఎన్ని నిమిషాలుంటే ప్రధాన పాత్ర అన్న నిబంధన ఎక్కడా లేదు. ఓటేసే నటుడే ఏ విభాగంలో రాయాలో నిర్ణయించుకుంటాడు. స్టూడియో ప్రచారం ఒక సూచన మాత్రమే. ‘ద రీడర్’కి కేట్ విన్‌స్లెట్‌ని సహాయ నటిగా ప్రచారం చేశారు, ఆ లెక్కనే గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఆస్కార్ ఓటర్లు మాత్రం ప్రధాన నటిగా నామినేట్ చేశారు, ఆ విభాగంలోనే గెలిచింది. 2021లో ‘జుడాస్ అండ్ ద బ్లాక్ మెసయా’ ఇంకా విడ్డూరం. ఇద్దరు ప్రధాన నటులూ సహాయ నటుల జాబితాలోనే తేలారు. అసలు కథానాయకుడెవరో మరి! ఇదంతా గెలుపు అవకాశాలు పెంచుకునే ఎత్తుగడ. మా దృష్టిలో ఇది అన్యాయమే, ఎందుకంటే అయిదు నిమిషాల పాత్రతో మెప్పించినవాళ్లకి ఉండాల్సిన చోటు పోతోంది. ‘నెట్‌వర్క్’లో బియాట్రిస్ స్ట్రెయిట్ అయిదు నిమిషాల చిల్లర కనిపించి ఆస్కార్ గెలిచింది. ఆ విభాగం అలాంటివాళ్ల కోసం.

ప్రశ్న: గోల్డెన్ గ్లోబ్ గెలిస్తే ఆస్కార్ ఖాయమేనా? ఏ అవార్డు చూసి అంచనా వేయాలి?

జవాబు: గ్లోబ్స్‌కి ఓటేసేది జర్నలిస్టులు. ఆస్కార్‌కి ఓటేసేది సినిమాల్లో పనిచేసేవాళ్లు. పైగా గ్లోబ్స్ డ్రామాకి వేరుగా, మ్యూజికల్-కామెడీకి వేరుగా ఇస్తాయి కాబట్టి ఇద్దరు విజేతలుంటారు. పాత గ్లోబ్స్ సంఘంలో వందమంది కూడా ఉండేవాళ్లు కాదు, నల్లజాతి సభ్యులు ఒక్కరూ లేరని 2021లో బయటపడ్డాక పెద్ద గొడవై, 2022 వేడుక టీవీలో రాలేదు. 2023లో ఆ సంఘమే రద్దయింది. ఇప్పుడు ఓటర్లు మూడొందల పైచిలుకు. గ్లోబ్ గెలిచినవాళ్ల ప్రసంగం బాగుంటే పేరు నలుగురి నోళ్లలో పడుతుంది, లాభం అంతవరకే.

అంచనాకి పనికొచ్చేవి గిల్డ్ అవార్డులు, అంటే నిర్మాతలు, దర్శకులు, నటుల వృత్తి సంఘాలు ఇచ్చేవి, ఎందుకంటే ఆ ఓటర్లలో కొందరికి అకాడమీ ఓటు కూడా ఉంటుంది. ఉత్తమ చిత్రానికి ముందు చూడాల్సింది నిర్మాతల గిల్డ్. వాళ్లదీ ప్రాధాన్య ఓటే. అయినా 2016లో ‘ద బిగ్ షార్ట్’, 2017లో ‘లా లా లాండ్’, 2020లో ‘1917’ అని తప్పింది. దర్శకుడికి దర్శకుల గిల్డ్ దాదాపు తిరుగులేనిది. 2020లో శామ్ మెండెస్‌కి ఇస్తే ఆస్కార్ బాంగ్ జూన్-హోకి వెళ్లడం అరుదైన తప్పు. నటనకి మాత్రం నటుల సంఘం ఒక్కదాన్నే నమ్ముకోకండి. 2025లో వాళ్లు డెమీ మూర్‌కి, టిమోతీ షాలమేకి ఇచ్చారు. ఆస్కార్లు మైకీ మాడిసన్, ఏడ్రియన్ బ్రోడీ తీసుకున్నారు. ఇద్దరినీ ముందే పట్టుకున్నది బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా. విమర్శకుల సంఘాల బహుమతులు ఏ సినిమా చూడాలో చెప్తాయి, ఏది గెలుస్తుందో చెప్పవు.

ప్రశ్న: ఓటీటీ సినిమాల్ని అమెరికాలో ఒక్క వారం థియేటర్లలో వేసి తీసేస్తారెందుకు?

జవాబు: అర్హత కోసం. లాస్ ఏంజెలిస్, న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతం, షికాగో, డాలస్-ఫోర్ట్‌వర్త్, అట్లాంటా, ఈ ఆరింటిలో ఎక్కడైనా వరసగా ఏడు రోజులు, టికెట్ పెట్టి, రోజుకి కనీసం మూడు ఆటలు ఆడాలి. ఒక ఆట సాయంత్రం 6-10 మధ్య మొదలవ్వాలి. సినిమా నిడివి 40 నిమిషాలు దాటాలి. 2024 సినిమాల నుంచి ఉత్తమ చిత్రానికి ఇది చాలదు. మొదటి విడుదలైన 45 రోజుల్లోపు, అమెరికాలోని పెద్ద మార్కెట్లు యాభైలో పదింట మరో ఏడు రోజులు ఆడాలి. చిన్న పంపిణీదారులు బోల్తా పడేది ఇక్కడే.

ప్రశ్న: మన దేశం ‘ఆర్ఆర్ఆర్’ని పంపలేదు కదా, మరి ‘నాటు నాటు’కి ఆస్కార్ ఎలా వచ్చింది?

జవాబు: దేశం పంపాల్సింది అంతర్జాతీయ చిత్రం విభాగానికి మాత్రమే. దేశానికి ఒక్క సినిమా, ఆ ఏడాది ‘ఛెల్లో షో’ వెళ్లింది. మిగతా విభాగాలకి అమెరికా థియేటర్లలో అర్హత సాధించిన ఏ సినిమా అయినా సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, భాష అడ్డు కాదు. పాటల్లోంచి సంగీత శాఖ ముందు 15, తర్వాత 5 ఎంచుతుంది. చివర్న అన్ని శాఖలవాళ్లూ ఓటేస్తారు. 2023 మార్చి 12న కీరవాణి, చంద్రబోస్ అందుకున్నది అలా వచ్చిందే. గ్లోబ్స్‌కి దేశానికి ఒకటే అనే నియమం లేదు, అందుకే అక్కడ ఆంగ్లేతర చిత్రం విభాగంలో ‘ఆర్ఆర్ఆర్’కి నామినేషన్ కూడా దక్కింది.

ప్రశ్న: ఓటర్లు సినిమాలు చూసే ఓటేస్తారా?

జవాబు: 2025 సినిమాల నుంచి కొత్త నిబంధన. ఒక విభాగంలో నామినేట్ అయినవన్నీ చూస్తేనే ఆ విభాగంలో చివరి ఓటు. అకాడమీ సొంత స్ట్రీమింగ్‌లో చూస్తే అది నమోదవుతుంది. థియేటర్లో చూశామంటే ఎప్పుడు, ఎక్కడ చూశారో ఫారం నింపాలి. ప్లే నొక్కి పక్కగదిలోకి వెళ్లేవాళ్లని ఏ ఫారం పట్టుకుంటుంది లెండి.

ప్రశ్న: ఫలానా హీరో ఫలానా సినిమాకి ‘చర్చల్లో ఉన్నాడు’ అని హాలీవుడ్ పత్రికల్లో వస్తుంది. తర్వాత ఆ ఊసే ఉండదు. ఏ వార్తని నమ్మాలి?

జవాబు: క్రియాపదాన్ని చూడండి. ‘హక్కులు ఆప్షన్ తీసుకున్నారు’ అంటే కొద్దిపాటి డబ్బిచ్చి, ఏడాదో ఏడాదిన్నరో ఆ నవల ఇంకెవరికీ పోకుండా పట్టి ఉంచారని. గడువు దాటితే మళ్లీ డబ్బివ్వాలి, లేదా వదులుకోవాలి. ‘డెవలప్‌మెంట్‌లో ఉంది’ అంటే స్క్రిప్టు రాస్తున్నారు. వీటిలో ఎక్కువ భాగం తెర ముఖం చూడవు. ‘ఎటాచ్డ్’ అంటే సరే అన్నాడు, పెట్టుబడి ఇంకా దొరక్కపోవచ్చు. ‘ఇన్ టాక్స్’ అంటే ఆఫర్ ఉంది, సంతకం లేదు. ‘ఎర్లీ టాక్స్’ అయితే ఇంకా అనుమానించండి: బేరం పెంచడానికి ఏజెంటు వదిలిన లీకు కావచ్చు. ‘గ్రీన్‌లైట్’ అన్నప్పుడు మాత్రం బడ్జెట్ ఖరారైందని అర్థం. ‘టర్న్ఎరౌండ్’ అంటే స్టూడియో చేతులెత్తేసింది, అప్పటిదాకా పెట్టిన ఖర్చు కట్టి ఇంకొకరు తీసుకోవచ్చు. దర్శకుడి పేరు లేకుండా విడుదల తేదీ ప్రకటిస్తే అది రుమాలు వేసి సీటు ఆపుకోవడమే.

‘మూడు పత్రికల్లో వచ్చింది కాబట్టి నిజమే’ అనుకోకండి. వెరైటీ, హాలీవుడ్ రిపోర్టర్, డెడ్‌లైన్ మూడూ పెన్స్కీ అనే మీడియా కంపెనీ గొడుగు కిందివే. ఆస్కార్ జోస్యాల గోల్డ్ డెర్బీ కూడా వాళ్లదే, గోల్డెన్ గ్లోబ్స్‌లోనూ వాటా ఉంది. అవార్డుల సీజన్లో ఈ పత్రికలకి స్టూడియోల ప్రచార ప్రకటనలు పెద్ద ఆదాయం. వార్తలు అబద్ధమని కాదు, కానీ ‘రేసులో దూసుకెళ్తోంది’ అన్న కథనం పక్క పేజీలో ఎవరి ప్రకటన ఉందో ఒకసారి చూడండి.

ప్రశ్న: 20 కోట్ల డాలర్ల సినిమా 40 కోట్లు తెస్తే ఫ్లాప్ అంటారేం?

జవాబు: ఆ 40 కోట్లు టికెట్ల సొమ్ము, స్టూడియోకి చేరేది కాదు. అమెరికాలో దాదాపు సగం థియేటర్లకి పోతుంది. చైనాలో అయితే స్టూడియోకి వచ్చేది 25 శాతమే. అంటే చేతికొచ్చేది 20 కోట్లు కూడా ఉండదు. ప్రచారం ఖర్చు బడ్జెట్ అంకెలో కలిపి ఉండదు, అది ఇంకో భారం. అందుకే బడ్జెట్‌కి రెండున్నర రెట్లు వసూలైతే గట్టెక్కినట్టు అని మోటు లెక్క. ఓటీటీ, టీవీ హక్కులు ఆ తర్వాత వస్తాయి.

ప్రశ్న: ఆస్కార్ బొమ్మని అమ్ముకోవచ్చా?

జవాబు: 1950 తర్వాతి విజేతలు అమ్మాలంటే ముందు అకాడమీకే ఇవ్వజూపాలి. ధర 1 డాలర్.

ప్రశ్న: ఫైట్ మాస్టర్లకి ఆస్కార్ ఎప్పుడు?

జవాబు: స్టంట్ డిజైన్ బహుమతి 2027 సినిమాలకి మొదలవుతుంది, 2028లో జరిగే 100వ వేడుకలో ఇస్తారు. నటుల ఎంపికకి ఇచ్చే కాస్టింగ్ బహుమతి 2025 సినిమాలతోనే వచ్చేసింది. అందుకే నామినేషన్ల రికార్డుల్ని పోల్చేటప్పుడు జాగ్రత్త. 2026 జనవరిలో ‘సిన్నర్స్’కి వచ్చిన 16లో కాస్టింగ్ కూడా ఉంది. 14తో పాత రికార్డు పంచుకున్న ‘టైటానిక్’ రోజుల్లో ఆ విభాగమే లేదు.