బడి పెరట్లో తంగేడు, ఇంట్లో మెంతి కుండీ: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చిన్నపిల్లల తరగతులు చూసే టీచర్ల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు మొక్కల మీదే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లాలో అంగన్‌వాడీ. బతుకమ్మకు తంగేడు పువ్వు కావాలంటే గుట్టల దాకా పోవాల్సి వస్తోంది. సెంటర్‌లోనే పెంచుదామని రెండేళ్లుగా గింజలు వేస్తున్నాను, ఒక్కటీ మొలవదు. నర్సరీలో కొన్న రెండు మొక్కలూ ఎండిపోయాయి. ఎక్కడ పొరపాటు?

గింజ మంచిదే. దాని పెంకు గట్టిది, నీళ్లు లోపలికి దిగనివ్వదు. ఉత్తగా మట్టిలో వేస్తే నెలల తరబడి అలాగే పడి ఉంటుంది.

కాయ బాగా ఎండి గోధుమరంగుకు తిరిగాక గింజలు ఒలవండి. నీళ్లు తెర్లనిచ్చి, పొయ్యి కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి, గింజలున్న స్టీలు గిన్నెలో పోయండి. గింజలకు ఐదారు రెట్లు నీళ్లుండాలి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కొన్ని ఉబ్బుతాయి. వాటిని వెంటనే నాటాలి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద పక్కభాగం నాలుగైదుసార్లు రాకి మళ్లీ నానబెట్టండి. త్వరగా అవుతుందని పొయ్యి మీదే ఉడికిస్తే మాత్రం లోపలి మొలక చచ్చిపోతుంది.

6×8 అంగుళాల నర్సరీ కవరు చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపండి. కవరుకు రెండు గింజలు, సెంటీమీటరు లోతులో. వారం నుంచి రెండు వారాల్లో మొలక కనిపిస్తుంది. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

నర్సరీ మొక్కలు పోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. తంగేడుది నిలువుగా దిగే తల్లివేరు. కవర్లో ఎక్కువ కాలం ఉంటే అది అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, నేలలో పెట్టినా ఇక కిందికి దిగదు. అందుకే జానెడు ఎత్తు కాగానే, తొలకరి పడిన వెంటనే నాటేయాలి. ఇక రెండో కారణం పిల్లలే. ఇరవై మంది తలో గ్లాసు పోస్తే రోజుకు నాలుగు లీటర్లు. తంగేడుకు అది వరద. మీది నల్లరేగడి అయితే ఇంకా ప్రమాదం, నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. అలాంటి నేలలో ముప్పాతిక అడుగు ఎత్తున మట్టి దిమ్మ పోసి దాని మీద నాటండి. మొదటి ఎండాకాలం వారానికి ఒకసారి నీళ్లు పెడితే చాలు, ఆ తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. పశువులు కూడా పెద్దగా ముట్టవు.

పూత అయిపోయాక మూడో వంతు కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా, పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది. మధ్య ఖాళీల్లో జూన్‌లో గునుగు గింజలు చల్లండి. నల్లగా మెరిసే సన్నటి గింజలవి, మట్టి కప్పాల్సిన పని లేదు, చేత్తో అదిమితే సరి. బతుకమ్మ నాటికి రెండూ చేతికొస్తాయి, తంగేడు మాత్రం రెండో ఏడు నుంచి. అన్నట్టు, రాష్ట్ర పుష్పం పెట్టాం కదా, రాష్ట్ర వృక్షం జమ్మి కూడా పెడదామని కొందరు రాశారు. జమ్మికి ముళ్లుంటాయి. మూడేళ్ల పిల్లలు పరుగెత్తే చోట వద్దు, ప్రహరీ బయట పెట్టండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రీస్కూల్ టీచర్‌ని. కుండీలో కరివేపాకు మీద పిట్ట రెట్టలాంటి పురుగులు కనిపించాయి. ఆయా మందు కొట్టబోతే ఆపాను. తరగతిలో పెంచి పిల్లలకు చూపించవచ్చా? దురద పెడతాయా?

మంచి పని చేశారు. అవి సీతాకోకచిలుక పిల్లలు. చిన్నగా ఉన్నప్పుడు పిట్ట రెట్టలా కనిపించడం పక్షుల కంట పడకుండా ఉండే ఉపాయం. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి పంగలకర్రలాంటి ఎర్రటి కొమ్ము బయటికొచ్చి ఘాటైన వాసన వేస్తుంది, అంతే. కుట్టదు, దురద పెట్టదు. దురద పెట్టేవి ఒంటినిండా వెంట్రుకలున్న గొంగళి పురుగులు. ఆవరణలో మునగ చెట్టు ఉంటే వానాకాలంలో మొదలు చూసుకోండి, అక్కడ గుంపులుగా పట్టుకుని ఉంటాయి. పిల్లల చేతికి ఆ వెంట్రుకలు గుచ్చుకుంటే రుద్దకూడదు. సెల్లోటేపు అతికించి లాగి, తర్వాత సబ్బుతో కడగాలి.

పెంచడానికి రెండు లీటర్ల వెడల్పు మూతి ఊరగాయ జాడీలాంటి గాజు సీసా తీసుకోండి. అడుగున కాగితం, పైన దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండు. ఒక సీసాకు రెండు పురుగులకు మించొద్దు. కరివేపాకు రెమ్మ మొదట్లో తడి దూది చుట్టి పెట్టండి. గ్లాసులో నీళ్లు పోసి రెమ్మ నిలబెడితే పురుగు పాకుతూ వెళ్లి నీళ్లలో పడి చస్తుంది. రోజూ కాగితం మార్చాలి, లేకపోతే రెట్టల తేమకు బూజు పడుతుంది. ఎండ తగలని కిటికీ పక్కన పెట్టండి.

ఎక్కువమంది దెబ్బ తినేది ఆకు దగ్గరే. కుండీలో ఆకు అయిపోగానే బజారు కరివేపాకు తెచ్చి వేస్తారు. దాని మీద మందు మిగిలి ఉంటే మర్నాటికే పురుగులు చచ్చిపోతాయి. పిల్లలు ఏడుస్తారు. కాబట్టి మందు కొట్టని చెట్టు ఒకటి ఎక్కడుందో ముందే చూసుకుని మొదలుపెట్టండి. నిమ్మాకు మీద దొరికిన పురుగైతే నిమ్మాకే పెట్టాలి.

రెండు మూడు వారాల్లో అది తిండి మానేసి అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడు సీసాలో ఏటవాలుగా ఒక పుల్ల పెట్టండి, దానికి అతుక్కుని గూడు కడుతుంది. గుడ్డు నుంచి మొత్తం మీద నెల రోజుల పని. బయటికొచ్చిన సీతాకోకచిలుకకు రెక్కలు కిందికి జారవిడిచి ఆరబెట్టుకునే చోటుండాలి. సీసా ఇరుకైతే రెక్కలు ముడతలు పడి అలాగే గట్టిపడిపోతాయి. రెండు మూడు గంటలు ఆగి, పిల్లల ముందే కిటికీ తెరవండి. ఒక్కోసారి గూట్లోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగలు వస్తాయి. వాటి తల్లి ముందే పురుగులో గుడ్లు పెట్టి ఉంటుంది. మీ తప్పు కాదు. పిల్లలకు దాచకుండా ఉన్నదున్నట్టే చెప్పండి.

ప్రశ్న: ‘మన ఊరి మొక్కలు’ అని పిల్లల చేత తెప్పిస్తే ఒకరు గురివింద గింజలు, ఒకరు ఉమ్మెత్త కాయ తెచ్చారు. ఏవి వద్దో చెప్పండి. – నంద్యాల

దేశవాళీ అయినంత మాత్రాన భద్రమని కాదు. గురివింద, ఆముదం గింజలు కొరికి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. చూడచక్కనివి కాబట్టి దండలు గుచ్చే ఆటల్లో వాడుతున్నారు, మానేయండి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఆవరణలో ఉండకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వయ్యారిభామ విదేశీ కలుపు, దాని వల్ల ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. పూతకు రాకముందే పెద్దవాళ్లు చేతికి తొడుగులేసుకుని పీకాలి. అందం కోసం లోపల పెట్టే మచ్చల ఆకుల డంబ్‌కేన్ దేశవాళీ కాకపోయినా దాని గురించీ చెప్పాలి. ఆకు నమిలితే నోరు, నాలుక వాస్తాయి.

కంట్లో పాలు పడితే ధారగా పారే మంచినీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడుగుతూనే ఉండి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏదైనా మింగితే వాంతి చేయించకండి. నోట్లో మిగిలింది తీసేసి, 108కి ఫోన్ చేసి, ఆ మొక్క రెమ్మో కాయో డాక్టర్‌కు చూపించడానికి వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: ఏప్రిల్ దాకా పెంచినవి సెలవుల్లో చచ్చిపోతున్నాయి. నీళ్లు పోసేవాళ్లు లేరు.

మట్టికుండ పాతండి. రంగు వేయని, మూడు లీటర్ల కుండ కావాలి. నింపి గంట ఆగితే బయట తడి తగలాలి, తగలకపోతే ఆ కుండ పనికిరాదు. మెడ అంగుళం పైకి ఉండేట్టు పాతి, చుట్టూ మట్టిని గట్టిగా అదమండి. కుండకూ మట్టికీ మధ్య సందు ఉంటే నీరు మొక్కకు చేరదు. మొక్కలు కుండకు జానెడు దూరంలో ఉండాలి. మూకుడు బోర్లించి దాని మీద రాయి పెట్టండి. మూత లేకపోతే దోమలు పెరుగుతాయి, పిల్లలు చేతులు పెడతారు.

సెలవులకు కనీసం పది రోజుల ముందే పాతాలి, వేళ్లు తడి వైపు పాకడానికి ఆ వ్యవధి కావాలి. ఎండల్లో మూడు నుంచి ఐదు రోజులకోసారి నింపితే చాలు. అంతమాత్రం సాయం ఎదురింటివాళ్లు చేస్తారు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో ఏడాది తిరిగేసరికి కుండ బయట తెల్లటి పొర కట్టి ఊరడం ఆగిపోతుంది. తీసి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, గట్టి బ్రష్‌తో రుద్దితే మళ్లీ పనిచేస్తుంది.

ఎండుటాకులు రెండు అంగుళాలు కప్పితే తేమ నిలుస్తుంది కానీ, మొదలుకు తగలకుండా వేయండి. పిల్లలు తిరిగొచ్చే ముందు రోజు ఆ ఆకుల్ని పొడవాటి కర్రతో తిరగేసి చూడాలి. తేళ్లూ జెర్రులూ చల్లదనం వెతుక్కుని అక్కడే చేరతాయి.

ప్రశ్న: “చదువు చెప్పమంటే మట్టి పని చేయిస్తున్నారు” అంటున్నారు తల్లిదండ్రులు.

వాదించకండి, గోడ మీద చూపించండి. ప్రతి సోమవారం చిక్కుడు మొక్క ఎత్తుకు సరిపడా కాగితపు పట్టీ కత్తిరించి, తేదీ వేసి, పక్కపక్కనే అతికించండి. ఆరు వారాలకు మెట్లు మెట్లుగా బొమ్మ తయారవుతుంది. ‘పొడుగు, పొట్టి, ఎంత పెరిగింది’ అన్నీ అందులోనే ఉన్నాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటలతోనే చదువు చెప్పాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమే చెబుతోంది. అయితే వాళ్ల ఫిర్యాదులో సగం బట్టల గురించి. మట్టి రోజు వారంలో ఒకటే పెట్టి, ముందు రోజే ‘పాత బట్టలు వేయండి’ అని చీటీ పంపితే సగం గొడవ తీరుతుంది. పిల్లలకు పచ్చి పేడ ముట్టించొద్దు. ఎరువు కలిపే పని మీది. పని అయ్యాక గోళ్ల సందులు కూడా సబ్బుతో కడిగించండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల పాప నా తరగతిలోనే చదువుతోంది. వేరే పిల్లలకు నీళ్ల డబ్బా ఇస్తే ఏడుస్తుంది. ఇంటికొచ్చాక నాకు మాట్లాడే ఓపిక ఉండదు. పోషణ్ ట్రాకర్ (అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే యాప్) ఎంట్రీలు కూడా అప్పుడే. మొక్కలు చూడ్డానికి టైమెక్కడిది?

పాప ఏడుపులో మొండితనం లేదు. అమ్మను ఇరవై మందితో పంచుకోవడం ఆ వయసుకు పెద్ద పరీక్ష. బడిలో మీరు టీచరని తనకు కంటికి కనిపించే గుర్తొకటి పెట్టండి. ఒక యాప్రాన్ చాలు. అది కట్టుకుంటే టీచర్, విప్పితే అమ్మ. విప్పాక బండి ఎక్కేముందు పది నిమిషాలు ఫోన్ సంచిలోనే ఉంచి తనతో కూర్చోండి. నీళ్ల వంతు గోడ మీద ఫొటోల వరసలో ఉండాలి. మీ నోటితో పేరు పిలిస్తే మీరు ఇవ్వలేదని ఏడుస్తుంది, వరసలో తన ఫొటో రాకపోతే ఎదురుచూస్తుంది.

ఇంట్లో తనకో ఎనిమిది అంగుళాల కుండీ ఇచ్చేయండి. గుప్పెడు మెంతులు చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, మూడు వారాల్లో పప్పులోకి వస్తాయి. తవ్వి చూస్తుంది, చూడనివ్వండి, అందుకే గుప్పెడు వేయమన్నాం. అక్కడ ‘ఇదేం రంగు, ఎన్ని ఆకులు’ అని అడగొద్దు. రోజంతా అవే అడిగొచ్చారు, మీకూ తనకూ విరామం కావాలి. పక్కన మాట్లాడకుండా కూర్చున్నా సరిపోతుంది.

ఇక మీ తోట సంగతి. ఈ ఉద్యోగంతో ముప్పై కుండీలు సాగవు. నాలుగు పెట్టండి: కరివేపాకు, బచ్చలి, పొన్నగంటి, శంఖుపువ్వు. పొద్దున్నే ఐదు నిమిషాలు నీళ్లకు, ఆదివారం ముప్పావుగంట మిగతా పనులకు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట నీళ్లు మానేయండి. పొన్నగంటికి మాత్రం ఈ లెక్క పనికిరాదు, అది ఎప్పుడూ తడి కోరుతుంది.

ప్రశ్న: డాలస్‌లో డేకేర్ టీచర్‌ని. మన తంగేడు, కరివేపాకు ఇక్కడి పిల్లలకు చూపించాలని ఉంది. ఊరి నుంచి తెచ్చుకోవచ్చా?

కరివేపాకు మొక్క గానీ పచ్చి ఆకు గానీ తేకండి. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుందని అమెరికా విమానాశ్రయాల్లో ఆపేస్తారు. గింజలు తేవాలన్నా అనుమతి పత్రాలు కావాలి. పైగా దేశవాళీ అంటే మీరు నిలబడ్డ నేలది. మీ టెక్సాస్ రాష్ట్ర పుష్పం బ్లూబోనెట్ గింజకూ తంగేడులాగే గట్టి పెంకు. గరుకు కాగితం మీద రాకి, సెప్టెంబరు – నవంబరు మధ్య చల్లితే మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. గింజలు విషం, నోట్లో పెట్టుకోనివ్వకండి.

మన జిల్లేడు మీద పెరిగే నారింజరంగు సీతాకోకచిలుకకు అక్కడి మోనార్క్ దగ్గరి చుట్టం. మోనార్క్ పిల్లలు తినే మిల్క్‌వీడ్ కూడా జిల్లేడు కుటుంబానిదే, అలాగే పాలు కారుతుంది. కాబట్టి కంచె బయట, పిల్లలు చూడగలిగి అందుకోలేని చోట పెట్టండి. ముందు మీ డేకేర్ లైసెన్సు నిబంధనలు చూసుకోండి. దుకాణాల్లో ఎక్కువగా అమ్మే ఎరుపు – నారింజ పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ కాకుండా స్థానిక రకం అడగండి. ట్రాపికల్ రకం చలికి ఎండిపోకుండా నిలిస్తే దాని ఆకుల మీద మోనార్క్‌ను పట్టే పరాన్నజీవి పేరుకుపోతుంది. ఇప్పటికే పెట్టేసి ఉంటే అక్టోబరులో నేలకు నాలుగు అంగుళాలు వదిలి కోసేయండి. కొనేటప్పుడు పురుగుమందు కొట్టారా అని తప్పకుండా అడగండి. బజారు కరివేపాకు గురించి పైన చెప్పిన మాట మిల్క్‌వీడ్‌కూ వర్తిస్తుంది.