క్రిస్మస్‌కి సేవకు వెళ్తానంటే అమ్మ మాట్లాడటం మానేసింది

ప్రశ్న: అక్కా, నాకు 25 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాను, అమ్మానాన్నలతోనే ఉంటాను. మా సంఘం యువజనుల టీమ్ ఒకటి డిసెంబరు 20న వేరే భాష మాట్లాడే చోటికి మిషన్ ట్రిప్‌కి బయలుదేరి జనవరి 2న తిరిగి వస్తుంది. అక్కడున్న ఒక చిన్న సంఘంతో కలిసి పిల్లల కూడికలు, ఇళ్ళు దర్శించటం, క్రిస్మస్ ఆరాధన ఉంటాయి. ఇలాంటి పరిచర్య కోసం రెండేళ్ళుగా ప్రార్థన చేస్తున్నాను కాబట్టి వెంటనే పేరు ఇచ్చేశాను. ఇంట్లో చెప్పినప్పటి నుంచి అమ్మ నాతో సరిగా మాట్లాడట్లేదు. ఉద్యోగం వల్ల అన్నయ్య ఈసారి రావట్లేదు. నేనూ లేకపోతే పండక్కి వాళ్ళిద్దరే ఉంటారు. నాన్న "వెళ్ళిరామ్మా" అన్నారు. అమ్మ మాత్రం "ఇంట్లోవాళ్ళు దేవుడి పిల్లలు కారా?" అంది. మా టీమ్ లీడర్‌తో చెబితే, తల్లిదండ్రులను ప్రభువుకంటే ఎక్కువగా ప్రేమించకూడదని వాక్యం చూపించారు. నిజం చెప్పాలంటే ఈ ఏడాదికి చుట్టాల పెళ్ళి ప్రశ్నలు తప్పుతాయని కూడా నాకు కొంచెం హాయిగా ఉంది, అలా అనుకున్నందుకు సిగ్గుగానూ ఉంది. ఇంటికి దూరంగా ఎప్పుడూ క్రిస్మస్ చేసుకోలేదు, అక్కడికెళ్ళి ఏడుస్తానేమోనని భయం. వెళ్ళటం తప్పా అక్కా?

జవాబు: తప్పు కాదు చెల్లీ. వెళ్ళు. జవాబు కోసం చివరిదాకా వెతుక్కోకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇంతకాలం ప్రార్థన చేశావు, నాన్న సరేనన్నారు, అక్కడివాళ్ళు మీ కోసం ఎదురుచూస్తున్నారు. ఓ రెండు వారాలు వెళ్ళిరావటం అమ్మకు చేసే ద్రోహం ఎలా అవుతుంది? కాకపోతే ఇప్పుడున్న ఈ ముభావంలోనే బ్యాగ్ సర్దుకుని వెళ్ళిపోతే అక్కడ నీకు స్థిమితం ఉండదు, ఇక్కడ ఆవిడకీ ఉండదు. బయలుదేరేలోపు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. అదేంటో నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు సిగ్గుపడుతూ రాసి గబగబా దాటేసిన ఆ వాక్యంలో.

పెళ్ళి ప్రశ్నలు తప్పుతాయన్న హాయి గురించే నేననేది. దాన్నో పాపంలా చూడకు. సేవకు వెళ్ళేవాళ్ళ మనసులో సేవ ఒక్కటే ఉంటుందని ఎవరైనా అంటే నేను నమ్మను. కొత్త చోటు చూడాలని ఉంటుంది, స్నేహితులతో గడపాలని ఉంటుంది, ఇంట్లో ఊపిరాడనిది ఏదైనా ఉంటే కొన్నాళ్ళు దాన్నుంచి బయటపడాలనీ ఉంటుంది. ఇవన్నీ ఉన్నంత మాత్రాన సేవ చెయ్యాలన్న నీ భారం అబద్ధం అయిపోదు. చిక్కెక్కడంటే, వీటన్నిటినీ లోపల దాచేసి పైన "ప్రభువు పని" అనే ఒక్క మాట కప్పినప్పుడు ఎదుటి మనిషికి ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదు. మీ అమ్మ ఇప్పుడు సరిగ్గా అక్కడే ఆగిపోయి ఉంది. కూతురితో అయితే పోట్లాడగలదు, అలగగలదు, నాలుగు మాటలు అని మళ్ళీ దగ్గరికి తీసుకోగలదు. దేవుడితో ఎలా పోట్లాడుతుంది? ఆవిడా విశ్వాసురాలే కదా. "సేవకు వద్దు" అనే మాట నోటితో అనలేక, "వెళ్ళు" అని మనసారా చెప్పనూ లేక మౌనంగా ఉండిపోయింది.

ఇక మీ లీడర్ చూపించిన వాక్యం మత్తయి 10:37 అనుకుంటాను. యేసు చెప్పిన మాటే, తేలిగ్గా తీసుకోమని నేననను. కానీ ఓసారి ఆ అధ్యాయం అంతా కూర్చుని చదువు. తన పేరు చెప్పినందుకు శిష్యులను న్యాయసభలకు అప్పగిస్తారని, అధికారుల ముందు నిలబెడతారని, సొంత ఇంటివాళ్ళే శత్రువులవుతారని చెబుతూ, అలాంటి రోజుకి వాళ్ళను సిద్ధం చేస్తూ ఆయన ఆ మాట అన్నాడు. పండక్కి కూతురు ఇంట్లో ఉంటే బాగుండనుకునే తల్లి ఆ శత్రువుల్లోకి ఎలా వస్తుంది? మీ అమ్మ నిన్ను క్రీస్తును వదిలేయమనలేదు, పండక్కి ఉండమంది, అంతే. ఆ యేసే మార్కు 7వ అధ్యాయంలో, అమ్మానాన్నలకు అందాల్సినదాన్ని "కొర్బాను", అంటే దేవుడికి అర్పించేశాం అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళను గట్టిగా మందలించాడు. సిలువ మీద అంత వేదనలోనూ తల్లిని చూసి, ఆమెను తన శిష్యుడికి అప్పగించాడని యోహాను 19లో ఉంది. కాబట్టి ఒక్క వచనాన్ని పట్టుకెళ్ళి అమ్మ ముందు పెట్టకు. పెడితే వాదనలో నువ్వు నెగ్గుతావేమో కానీ ఆవిడ మనసు ఇంకాస్త మూసుకుపోతుంది. లీడర్ మీద కోపం పెట్టుకోమని కాదు, ఆయన నీకు ధైర్యం చెప్పాలనే చూపించి ఉంటారు. ఆ వాక్యం నీకోసం, అమ్మను ఒప్పించటానికి కాదు.

మిషనరీల కథలు చెప్పుకునేటప్పుడు ఇంట్లోవాళ్ళ సంగతి మనం రెండు ముక్కల్లో తేల్చేస్తాం, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. 1793లో విలియం కేరీ ఇంగ్లండ్ నుంచి భారతదేశానికి బయలుదేరుతుంటే ఆయన భార్య డొరొతీ మొదట రానంది. చివరికి తన సోదరి తోడు వస్తేనే వస్తానని ఒప్పుకుంది. వచ్చిన మరుసటి ఏడాదే ఐదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు, ఆ తర్వాత ఆమె మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయేదాకా మళ్ళీ కోలుకోలేదు. కేరీ బైబిలు అనువాదాల గురించి తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు, డొరొతీ ముందుగా "రాను" అన్న సంగతి ఎంతమందికి తెలుసు? నీ రెండు వారాల ట్రిప్‌ని దాంతో పోల్చట్లేదు, భయపడకు. ఇంట్లో మనిషి వద్దంటున్నప్పుడు అది అవిశ్వాసమనో శోధన అనో కొట్టిపారేయకుండా ఏమంటున్నారో పూర్తిగా వినాలి అని చెప్పటానికే ఇదంతా.

అందుకని అమ్మతో మాట్లాడు. ఎదురెదురుగా కూర్చుని "నీతో మాట్లాడాలమ్మా" అని మొదలుపెడితే ఇద్దరూ బిగుసుకుపోతారు. ఆవిడ ఏదో పనిలో ఉన్నప్పుడు వెళ్ళి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి, చేతులకు పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ఇలా చెప్పొచ్చు: "అమ్మా, నాకు వెళ్ళాలని ఉంది. దేవుడు నడిపిస్తున్నాడనే నమ్ముతున్నాను, కానీ పేరు ఇచ్చింది నేను, నిన్ను ముందు అడగకుండా ఇచ్చాను. నువ్వూ నాన్నా ఇద్దరే ఉంటారని తలచుకుంటే నాకూ బాధగానే ఉంది. ఇంకో సంగతి కూడా ఉందమ్మా, పండక్కి వచ్చినవాళ్ళందరూ పెళ్ళెప్పుడని అడుగుతుంటే నాకు ఊపిరాడట్లేదు, ఈసారి అది తప్పుతుందని కూడా కొంచెం అనిపించింది." ఇంతవరకు చెప్పి ఆగు. ఆ చివరి మాట చెప్పటం కష్టమే, కానీ అమ్మకు జవాబివ్వటానికి వీలున్న మాట అదొక్కటే. ఆవిడ కోప్పడొచ్చు, ఏడవొచ్చు, లేదా "నాతో ముందే చెప్పొచ్చు కదే" అని ఆశ్చర్యపోవచ్చు. ఏదన్నా సరే, మధ్యలో అందుకుని సర్దిచెప్పకు.

"రెండు వారాలేగా" అనకు. "అసలు బైబిల్లో డిసెంబరు 25 అని ఎక్కడుంది" అని అస్సలు అనకు. సువార్తల్లో తేదీ లేదన్నది నిజమే, ఆ రోజున క్రీస్తు జననాన్ని గుర్తుచేసుకోవటం గురించి మనకు దొరికే తొలి ఆధారాల్లో ఒకటి రోములో 354లో కూర్చిన ఓ క్యాలెండరు. అయినా పిల్లలు లేకుండా పండగ గడపబోయే తల్లికి ఆ చరిత్ర చెప్పటం నిర్దయ. ఆ చరిత్ర నీకు ఇంకో రకంగా పనికొస్తుంది. చాలా సంఘాలు క్రిస్మస్‌ని ఒక్కరోజుతో ముగించవు, జనవరి 6న వచ్చే ఎపిఫనీ పండగ దాకా ఆ కాలాన్ని ఆచరిస్తాయి. నువ్వు 2న వచ్చేస్తున్నావు కాబట్టి 3 నుంచి 6 లోపు ఏ సాయంత్రమో మీరు ముగ్గురూ కూర్చుని లూకా 2 చదువుకుని, మీరెప్పుడూ పాడుకునే పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకోండి. ఏ రోజన్నది అమ్మనే చెప్పనివ్వు. ఆ రోజుకి ఇంకే పనీ పెట్టుకోకు, ట్రిప్ అలసట ఉన్నా సరే.

ఏడుస్తానేమో అన్నావు. ఏడుస్తావు. ఇలా వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామంది చెప్పేది ఏంటంటే 25న పెద్దగా ఏమీ అనిపించదు, పొద్దున్నుంచి రాత్రిదాకా పనే సరిపోతుంది. కష్టమల్లా 24 సాయంత్రమే. పాటల ప్రాక్టీసు అయిపోతుంది, కుర్చీలు వేసేస్తారు, అక్కడివాళ్ళు తమ భాషలో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ నవ్వుకుంటుంటారు, నీకొక్క ముక్క అర్థం కాదు. ఎవరో ఒక రాగం ఎత్తుకుంటారు, అది నీకు చిన్నప్పటి నుంచి తెలిసిన రాగమే, మాటలే వేరు. అప్పుడు గొంతు పట్టేస్తుంది. బయటికి వెళ్ళి కాసేపు ఏడ్చి రా, టీమ్‌లో నీకు దగ్గరైన ఒకరికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచు, అంతకు మించి చెయ్యాల్సిందేమీ లేదు. ఇంటిమీద బెంగ పెట్టుకోవటం విశ్వాసం తక్కువై కాదు. బైబిల్లోని తిమోతి కూడా తన తల్లి యునీకేను వదిలి అపొస్తలుడైన పౌలు వెంట వెళ్ళినవాడే. అతనికి రాసిన రెండో పత్రిక, అంటే ఉత్తరం, మొదట్లో పౌలు అతని కన్నీళ్ళను తలచుకుంటాడు, ఆ వెంటనే అతని అమ్మమ్మ లోయినీ, తల్లి యునీకేనూ పేరుపెట్టి గుర్తుచేస్తాడు, కన్నీళ్ళు పెట్టుకున్నందుకు ఒక్క మాటన్నా అనడు. ఆ పౌలే అదే పత్రిక చివర, లూకా తప్ప తన దగ్గర ఎవరూ లేరని, త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ, పుస్తకాలు పట్టుకుని చలికాలం రాకముందే రమ్మని బతిమాలుకుంటాడు. అంతటివాడికే తోడు కావాల్సి వచ్చింది.

ఫోన్ విషయంలో కాస్త కఠినంగా ఉండు. ఇంటికి మాట్లాడే టైమ్ ఒకటి ముందే అనుకుని ఆ టైమ్‌కి తప్పకుండా చెయ్యి. మిగతా వేళల్లో ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు చూస్తూ కూర్చోకు, అలా చేస్తే అక్కడా ఉండవు, ఇంట్లోనూ ఉండవు. నెట్‌వర్క్ దొరుకుతుందో లేదో చెప్పలేం కాబట్టి చేత్తో ఒక చిన్న ఉత్తరం రాసి నాన్నకిచ్చి వెళ్ళు, 25 పొద్దున అమ్మకిమ్మని చెప్పు.

అక్కడి పిల్లల సంగతి కూడా చెప్పాలి. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు మన మనసు పచ్చిగా ఉంటుంది, ఒక పాప వచ్చి చెయ్యి పట్టుకుంటే వదలబుద్ధి కాదు. ప్రేమగా ఉండు, కానీ నీ వెలితిని ఆ పాపతో నింపుకోకు. నువ్వు 2వ తేదీకి ఇంట్లో ఉంటావు, తను అక్కడే ఉంటుంది. ఖాయంగా తెలిస్తే తప్ప "మళ్ళీ వస్తాను" అని మాట ఇవ్వకు. ఆ సంఘంలో ఏడాది పొడుగునా ఆ పిల్లల మంచిచెడ్డలు చూసే అక్కలు, టీచర్లు ఉంటారు. పని వాళ్ళది, మీరు సాయానికి వెళ్తున్నారు, ఏం కావాలో వాళ్ళను అడిగే చెయ్యండి. పెద్దవాళ్ళ అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టొద్దు. ఒకవేళ అనుమతి ఉన్నా పండగపూట పిల్లలందరి మధ్యా నువ్వు నవ్వుతూ ఉన్న ఫొటో స్టేటస్‌లో పెట్టేముందు, దాన్ని ఇంట్లో ఎవరు చూస్తారో ఒక్కసారి ఆలోచించు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగిపొమ్మంటాను. ఇంట్లో ఎవరి ఆరోగ్యమైనా బాగోకపోయినా, ఈ ఏడాది దగ్గరివాళ్ళను ఎవరినైనా పోగొట్టుకుని ఇది ఆ తర్వాత మొదటి క్రిస్మస్ అయినా, నాకు రాయని అలాంటి సంగతి ఏదైనా ఉంటే ఈసారికి మానెయ్యి. ట్రిప్‌లు మళ్ళీ ఉంటాయి.

తిరిగొచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పమంటారు. "ఇంట్లో ఎన్ని ఆటంకాలు వచ్చినా ప్రభువు నన్ను పంపించాడు" అనే మాట మనవాళ్ళకు అలవాటుగా వచ్చేస్తుంది. దయచేసి అది నీ నోటినుంచి రానివ్వకు. ఆ ఆటంకం అనిపించుకునే మనిషి నీ సాక్ష్యం వినటానికి ముందు వరసలో కూర్చుని ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ అది ఎవరో తెలుసు. అమ్మ నేను లేకుండానే పండగ చేసుకుని నన్ను పంపించిందని చెప్పు, అది కూడా నిజమే కదా.

చివరగా అన్నయ్య. ఉద్యోగం వల్ల రాలేనంటే అతన్ని ఎవరూ ఏమీ అనలేదు, వాక్యాలూ చూపించలేదు, అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటారన్న బరువంతా నీ ఒక్కదాని మీదే పడింది. ఇద్దరు పిల్లలున్న ఇల్లు అది. ఇవాళే ఫోన్ చేసి అడుగు, పండగ రోజున రాలేకపోతే ముందో వెనకో ఒక్కరోజైనా వచ్చి వెళ్ళమను. అదీ కుదరదంటే 24 సాయంత్రం, 25 పొద్దున తనే అమ్మకు ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడే బాధ్యత తీసుకోమను. రావటానికి ఒప్పుకుంటే అతని టికెట్ వెంటనే చేయించు, డిసెంబరు దగ్గరపడ్డాక దొరకటం కష్టం.