ఫోన్‌లో చూపించవచ్చు, కానీ పక్కన ఒక మనిషి ఉండాలి

కనిగిరి దగ్గర పల్లెలో ఉండే మీ నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నాయి, ప్రతి నెలా ఒంగోలు తీసుకెళ్లలేకపోతున్నాం, వీడియో కాల్‌లో డాక్టరుకు చూపిస్తే సరిపోతుందా అని అడిగారు. మా అమ్మ ఉదయగిరి వైపు పల్లెలో ఉంటుంది, ఆమెకూ ఇవే జబ్బులు, మూడేళ్లుగా ఎక్కువగా ఫోన్‌లోనే చూపిస్తున్నాం. చాలా వరకు సరిపోతుందండీ. కాకపోతే మనం చెప్పే అంకెను బట్టే డాక్టరు మందు మారుస్తారు, ఆ అంకె తప్పయితే మందూ తప్పే.

పోయిన ఎండాకాలం అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి పరగడుపున షుగర్ 312 ఉందంది. టెన్షన్ పడిపోయి ఒక యాప్‌లో డాక్టరును అడిగితే రెండు నిమిషాల్లో మాత్ర డోసు పెంచేశారు. తర్వాత పక్కింటి పిన్ని చెప్పింది, అమ్మ అప్పటిదాకా తాండ్రకు మామిడి రసం పిండుతూ, చేతులు కొంగుకు తుడుచుకుని వేలు పొడుచుకుందని! సబ్బుతో కడిగించి మళ్లీ చూపిస్తే 148. ఆ డోసు వేసుకుని ఉంటే షుగర్ ఎంత పడిపోయేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. బీపీ కూడా అంతే, ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని, కాళ్లు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చున్నాకే చూడాలి, రెండుసార్లు చూసి తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయించండి.

అందుకే యాప్‌ల కంటే ముందు మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో అడగండి. అక్కడి సీహెచ్‌వో (క్లినిక్ చూసుకునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) పక్కన కూర్చుని, తనే బీపీ చూసి, ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో వైద్య సేవలో డాక్టరుతో మాట్లాడిస్తారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అమ్మ వీడియోలో "బాగానే ఉన్నాను నాయనా" అనేది. క్లినిక్‌లో ఆ అమ్మాయి "ఏదీ, కాళ్లు చూపించు పెద్దమ్మా" అని పాదం ఎత్తి వేళ్ల మధ్య విడదీస్తే చిటికెన వేలి సందులో పుండు, అమ్మకు నొప్పే తెలియలేదు. తెరమీద డాక్టరు ఇక ఫోన్‌లో కుదరదు, నేరుగా తీసుకురండి అన్నారు. నాకు ఆ డాక్టరు మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

మీ వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్ల నొప్పులు ఎక్కువ కదా, నాన్నగారు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వాళ్లు అడగకపోయినా సరే. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు వాటిలో చాలా మాత్రలు కిడ్నీల మీద దెబ్బ కొట్టొచ్చు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఎన్ని నెలలకోసారి చేయించాలో కూడా అప్పుడే అడగండి, అది వీడియోలో తెలిసేది కాదు.

గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా వీడియో కాల్ పెట్టుకుని కూర్చోవద్దు, వెంటనే 108కి చేయండి.