కూలివాళ్ళ గురించే కాయితాలు ఎక్కువ

అడిగిన ప్రశ్న ఇది: "మా కోడలు ఇంగ్లండు పిల్ల. వాళ్ళ ముత్తాతలు మిల్లు కూలీలట. పేర్లు రాయని పాత ఫొటోలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. గొప్పింటివాళ్ళకైతే వంశవృక్షాలుంటాయి, ఇలాంటివాళ్ళ చరిత్ర ఎక్కడైనా దొరుకుతుందా?"

దొరుకుతుంది. గొప్పింటివాళ్ళది దొరికిన దానికంటే నమ్మకంగా దొరుకుతుంది. జమీందారు తన గురించి తనే రాయించుకుంటాడు, అందులో సగం డప్పు. కూలివాడి గురించి ఎప్పుడూ ఇంకొకడే రాశాడు. బడి పంతులు, జనాభా లెక్కలవాడు, టీకాల గుమస్తా, వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేనివాళ్ళని ఉంచి పని చేయించుకునే సర్కారు ఇంట్లో, పేదల్ని చేర్చుకునేవాడు, శ్మశానం పుస్తకం చూసుకునేవాడు. వీళ్ళెవరికీ అతన్ని పొగడాల్సిన పని లేదు. సర్కారుకి పేదవాడి మీద అనుమానం ఉన్నన్నాళ్ళూ పేదవాడి పేరు మీద కాయితం పుడుతూనే ఉంటుంది. అందుకే "మాకు రాజవంశంతో చుట్టరికం ఉంది" అని మొదలుపెట్టే ఇంగ్లీషువాళ్ళని నేను అసలు పట్టించుకోను. మనవాళ్ళు అమెరికాలో కూర్చుని తాతగారికి వందెకరాల మాగాణి ఉండేదని చెప్పుకోవడం లాంటిదే అది కూడా.

నేను పుట్టింది చీరాలలో, మెట్టింది లాంకషైర్‌లోని బర్న్లీలో. నేత ఊరి నుంచి నేత ఊరికే వెళ్ళావు కదమ్మా అని మా నాన్న ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. మా తాత ఇంట్లో గుంటమగ్గం మీద నేసేవాడు. మా అత్తగారి వైపువాళ్ళు ఆవిరి యంత్రంతో నడిచే మగ్గాలు మనిషికి నాలుగు చొప్పున చూసుకునేవాళ్ళు. ఆ షెడ్డులో చప్పుడుకి మాట వినపడదు కాబట్టి పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్ళట. మా అత్తగారు ఇప్పటికీ ఎవరి గురించైనా చాడీ చెప్పాలంటే గొంతు తగ్గించి పెదాలు మాత్రం పెద్దవి చేసి చెబుతుంది. ఆవిడకది వాళ్ళ నాయనమ్మ దగ్గర అబ్బిందట.

ఆ నాయనమ్మ ఫొటో సంగతే చెబుతాను. అత్తగారి బిస్కెట్ల డబ్బాలో ఉండేది. స్టూడియోలో తీసింది. కుర్చీలో భార్య, పక్కన నిలబడ్డ భర్త, చుట్టూ నలుగురు పిల్లలు. ఆయన ఒంటి మీద సూటు, వెయిస్ట్‌కోటుకి అడ్డంగా గడియారం గొలుసు. మా ఆయన మేనమామ ఒకాయన ఆ గొలుసు చూపించి, "మా తాత మిల్లు మేనేజరు" అని క్రిస్మస్‌కి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ముగ్గురాడపిల్లలు, ఒక మగపిల్లాడు అని కూడా ఆయనే చెప్పేవాడు.

నా పద్ధతి ఒకటే. ఫొటోలో మొహాలు చివర చూడాలి, ముందు వెనక్కి తిప్పాలి. ఇది పోస్టుకార్డుగా అచ్చువేసిన ఫొటో. వెనకాల మధ్యలో గీత, ఒకవైపు చిరునామా, ఒకవైపు ఉత్తరం. చిరునామా ఉన్నవైపే ఉత్తరం కూడా రాయడానికి బ్రిటిష్ తపాలా శాఖ ఒప్పుకున్నది 1902లో. స్టాంపు అంటించే గడిలో అరపెన్నీ అని అచ్చయి ఉంది. 1918 జూన్‌లో కార్డుకి అంటించాల్సిన స్టాంపు పెన్నీ అయింది. అంటే మొహం చూడకముందే పదహారేళ్ళ లోపుకి వచ్చేశాం. స్టూడియో పేరు, వీధి కూడా ఉంటే ఊరి లైబ్రరీలో పాత ట్రేడ్ డైరెక్టరీలు తిరగేయండి, ఆ ఫొటోగ్రాఫర్ ఆ వీధిలో ఏ యేళ్ళలో ఉన్నాడో తెలుస్తుంది. ఇంకా పాతవైతే దళసరి అట్టకి అంటించిన చిన్న ఫొటోలు, కార్ట్ డి విజిట్ అంటారు, 1860ల నుంచి కనిపిస్తాయి. అట్ట మూలలు సూటిగా ఉంటే ముందువి, గుండ్రంగా ఉంటే 1870ల తర్వాతివి అని మోటు లెక్క. ఆడవాళ్ళ చేతులు భుజం దగ్గర బుడగల్లా ఉబ్బి ఉంటే 1895 అటూఇటూ.

బట్టలు చూసి డబ్బు అంచనా వేయడం మాత్రం శుద్ధ దండగ. ఆ రోజుల్లో ఆదివారం సూటు సోమవారం తాకట్టు కొట్లోకి వెళ్ళి శనివారం జీతం రాగానే బయటికొచ్చే ఇళ్ళు కోకొల్లలు. గొలుసు ఉంటే దాని చివర గడియారం ఉందని కూడా నమ్మకం లేదు. మేనమామగారితో ఈ మాట అంటే రెండు క్రిస్మస్‌లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను ఆయన తాతని చూడలేదు, పెద్దపిల్ల కాళ్ళు చూశాను. ఆ పిల్ల వేసుకున్నవి క్లాగ్స్, అడుగున చెక్క, దానికి ఇనప పట్టీ. మేనేజరు కూతురు స్టూడియోకి వాటితో రాదు.

1911 జనాభా లెక్కలకి వెళ్ళాం. ఇంగ్లండులో పదేళ్ళకోసారి తీస్తారు, 1841 నుంచి మనుషుల పేర్లతో సహా ఉన్నాయి, నూరేళ్ళు దాటాక బయటపెడతారు. 1841లో పెద్దవాళ్ళ వయసులు ఐదుకి కుదించి రాశారు, ముప్పై నాలుగు ముప్పై అయిపోయింది. దానికి ఇంగ్లీషువాళ్ళు నొచ్చుకుంటారు గానీ, మా నాన్న పుట్టింది కార్తీక మాసంలో అయితే సర్టిఫికెట్లో జూలై 1. ఆయన తరగతిలో సగం మంది జూలై 1నే పుట్టారు. సరే, 1911 ప్రత్యేకత ఏమిటంటే ఇంటి యజమాని సొంత చేత్తో నింపిన ఫారం అలాగే దాచారు. మా అత్తగారి తాత చేతిరాత అప్పుడే మొదటిసారి చూసింది ఆవిడ. వృత్తి గడిలో కాటన్ వీవర్. భార్యకీ అదే. పన్నెండేళ్ళ పెద్దపిల్లకి పూట బడి, పూట మిల్లు. అది అప్పటికి చట్టబద్ధం. ఆ సగంపూట పనిని తీసేస్తూ 1918లో చట్టం వచ్చినా 1921 దాకా సాగింది. మూడో "ఆడపిల్ల" మగపిల్లాడని తేలింది. నాలుగైదేళ్ళు వచ్చేదాకా మగపిల్లలకి కూడా గౌన్లే వేసేవాళ్ళు.

ఆ ఫారంలో ఇంకో నాలుగు గడులున్నాయి, పెళ్ళయిన ఆడవాళ్ళకి. పెళ్ళయి ఎన్నేళ్ళు, సజీవంగా పుట్టిన పిల్లలెందరు, వాళ్ళలో ఇప్పుడు ఉన్నదెందరు, పోయిందెందరు. ఆయన రాశాడు: పద్నాలుగేళ్ళు, తొమ్మిది, ఐదు, నాలుగు.

అత్తగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా నాయనమ్మకి పిల్లలంటే పడదని అనేవాళ్ళం" అంది. ఆవిడ ఎవరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకునేది కాదట.

పోయిన నలుగురి పేర్లూ ఎక్కడా రాసి లేవు. అయితే పట్టుకోవచ్చు. ఇంగ్లండులో 1837 జూలై 1 నుంచి జనన మరణాల నమోదు ఉంది. ఆ నమోదు చూసుకునే జనరల్ రిజిస్టర్ ఆఫీసు వాళ్ళ కొత్త సూచికలో మొదటి నుంచీ ప్రతి జననానికీ తల్లి పుట్టింటి పేరు, ప్రతి మరణానికీ వయసు ఉంటాయి. పాత సూచికలో తల్లి పుట్టింటి పేరు 1911 మధ్యలో గానీ మొదలవదు. కాబట్టి కొత్తదాంట్లో ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, బర్న్లీ జిల్లా అని పెట్టి, పెళ్ళైన ఏడాది నుంచి వరసగా వెతికితే తొమ్మిది జననాలూ వచ్చాయి. జనాభా లెక్కల్లో ఉన్న ఐదుగురినీ కొట్టేస్తే మిగిలినవాళ్ళు నలుగురు. వాళ్ళ పేర్లతో మరణాల్లో వెతికితే అందరూ రెండేళ్ళలోపే. డబ్బు కట్టక్కర్లేదు, చూడటం ఉచితం. సర్టిఫికెట్ తెప్పించుకుంటేనే ఖర్చు.

ఇక్కడ లెక్క ఒకటి తేడా వచ్చింది. 1911 ఏప్రిల్ 2 రాత్రి ఇంట్లో పిల్లలు ఐదుగురు, చివరిది నెలల పాప. ఫొటోలో నలుగురే. మరణాల్లో మళ్ళీ చూస్తే ఆ పాప అదే ఏడు జూలై, సెప్టెంబరు మధ్య. సర్టిఫికెట్ తెప్పిస్తే కారణం అతిసారం. 1911 వేసవి ఇంగ్లండులో భయంకరంగా కాసింది, పసిపిల్లలు వేలల్లో ఇదే రోగంతో పోయారు. తల్లులు మిల్లుకి పోవడం వల్లే అని రాసిన డాక్టర్లు అప్పట్లో ఉన్నారు. వెనకసందుల్లో మరుగుదొడ్ల సంగతీ ఈగల సంగతీ రాసినవాళ్ళూ ఉన్నారు. సర్టిఫికెట్లో కబురు చెప్పినవారి గడిలో తల్లి సంతకం, మరణ సమయంలో దగ్గరున్నది అని. ఇప్పుడు ఫొటో మళ్ళీ చూస్తే ఆవిడ గౌను నల్లది, భర్త చేతికి నల్ల పట్టీ. మేం ఇన్నాళ్ళూ నీడ అనుకున్నది అదే. ఫొటో ఆ ఏడాది చివర తీయించి ఉంటారని నేను రూఢిగా చెబుతాను. మేనమామగారు ఒప్పుకోరు, ఆయనిష్టం.

ఊరి శ్మశానం పుస్తకంలో పోయిన ఆ ఐదుగురు పిల్లలూ ఉన్నారు, ఉమ్మడి గోతుల్లో. డబ్బులేనివాళ్ళని ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిపి ఒకే గోతిలో పెట్టేవాళ్ళు, పైన రాయి ఉండదు. కానీ గోతి నంబరు, వరస, పక్కన ఎవరున్నారో అన్నీ పుస్తకంలో ఉంటాయి. రాయి లేదు కాబట్టి సమాధి లేదనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు.

నాకు మండేది ఇంకొకటుంది. డబ్బులు కట్టించుకునే ఒక వెబ్‌సైటు ఈ ఇంటిపేరుని తప్పుగా ఎక్కించింది, చేతిరాత చదవడం రాక. ఎవరో ఒకాయన అది చూసి వేరే కుటుంబం వంశవృక్షంలో వీళ్ళని తగిలించేశాడు, ఇరవైమంది ఆయన్ని కాపీ కొట్టారు. అందుకే నేను ముందు ఉచితమైనవి చూడమంటాను. జనన, పెళ్ళి, మరణాల సూచికలకి ఫ్రీబీఎండీ వెబ్‌సైటు ఉంది, ఫ్యామిలీసెర్చ్ ఉంది, లాంకషైర్ వాళ్ళయితే ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ వాళ్ళు చర్చి పుస్తకాలు చాలావరకు ఓపిగ్గా ఎక్కించి పెట్టారు. చేతిరాత అసలు కాయితం చూడకుండా దేన్నీ నమ్మొద్దు. ఇంకో మంట ఏమిటంటే, పెళ్ళి సర్టిఫికెట్లలో ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ 1837 నుంచీ రాశారు, తల్లుల పేర్లకి 2021 మే దాకా గడే లేదు. నాలుగు మగ్గాలు చూసుకుని తొమ్మిదిమందిని కన్నా కూతురి పెళ్ళి కాయితంలో ఆవిడ లేదు.

1921 లెక్కలు కూడా చూడండి, 2022లో బయటికొచ్చాయి. ఎవరి దగ్గర పని చేస్తున్నారో మిల్లు పేరుతో సహా ఉంటుంది. బొగ్గుగని కార్మికుల గొడవ వల్ల ఏప్రిల్‌లో తీయాల్సింది జూన్ 19కి వాయిదా పడింది. అప్పటికి గుడ్డకి గిరాకీ పడిపోయింది. మా అత్తగారి తాత ఎదురుగా మిల్లు పేరు, దాని పక్కన "పని లేదు".

ఆ మాట చూసినప్పుడు నాకు వచ్చిన ఆలోచన మా ఆయనతో చెప్పాను. అదే 1921లో చీరాల, పేరాలని మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. మా ముత్తాత కూడా వెళ్ళాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ ఏడు మన దగ్గరా జనాభా లెక్కలు తీశారు. అంకెలు కూడి పుస్తకాలు వేశారు, మనుషుల పేర్లున్న కాయితాలు ఉంచలేదు. లాంకషైర్‌లో పని పోయిన నేతగాడి చేతిరాత నా దగ్గరుంది, మా ముత్తాత పేరు రాసున్న తుండు కాయితం ఒకటి లేదు. మా ఆయన తన కుటుంబం గురించి "ఏమీ దొరకదులే, మేం మామూలువాళ్ళం" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది అందుకే. 1931 సెప్టెంబరులో గాంధీగారు లాంకషైర్‌లోనే ఉన్న డార్వెన్ అనే మిల్లుల ఊరికి వచ్చి మిల్లు ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ ఫొటో ఒకటి ప్రసిద్ధం. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ అందులో ఉన్నది మా నాయనమ్మే అంటారు. మా అత్తగారూ అంటుంది. అది నేను వెతకలేదు, వెతకను కూడా.

ఇక మీ కోడలి సంగతి. 1931 ఇంగ్లండు లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో తగలబడ్డాయి, 1941లో యుద్ధం వల్ల తీయలేదు. కాబట్టి బతికున్న పెద్దవాళ్ళు చెప్పిన పేర్ల నుంచి 1939 రిజిస్టర్‌కి వెళ్ళండి. అది గుర్తింపుకార్డుల కోసం సెప్టెంబరు 29న ఇంటింటికీ తిరిగి రాసింది. పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది, తర్వాత పెళ్ళయిన ఆడవాళ్ళ కొత్త ఇంటిపేరు చాలాచోట్ల పక్కన దిద్ది ఉంటుంది. అక్కడి నుంచి 1921, ఆపైన 1911. వర్క్‌హౌస్‌లో పుట్టినవాళ్ళుంటే 1904 తర్వాతి సర్టిఫికెట్లలో ఆ మాట కనిపించదు, మామూలు వీధి చిరునామాలా రాశారు, మోసపోకండి.

సైనికుడి దుస్తుల్లో ఎవరైనా ఉంటే టోపీ బిళ్ళని దగ్గరగా స్కాన్ చేయించండి, రెజిమెంటు తెలుస్తుంది. మొదటి యుద్ధం నాటి సిపాయిల ఫైళ్ళు సగానికి పైగా 1940 సెప్టెంబరు బాంబు దాడిలో కాలిపోయాయి గానీ ఎవరికి ఏ పతకం ఇచ్చారో రాసిన మెడల్ కార్డులు మిగిలాయి. కుడి ముంజేతి దగ్గర చిన్న చిన్న వి గీతలుంటే విదేశంలో పనిచేసినట్టు, అవి 1918లో మొదలయ్యాయి. ఎడమ చేతి మీద నిలువు గీత ఉంటే గాయపడ్డాడు.